ఆదివారం లోపల అప్పు కట్టాలంటే

"ఆదివారం లోపల డబ్బు కట్టు. లేకపోతే బాగుండదు."

అప్పిచ్చిన ఆసామి వాకిట్లో నిలబడి ఈ మాట అంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. ఆ కంగారులో ఎవరు ఎంత వడ్డీకి ఇచ్చినా తీసుకుంటాం. ఒక అప్పు తీరుతుంది. అంతకంటే పెద్ద అప్పు మొదలవుతుంది.

మా చదువుల కేంద్రానికి వచ్చే ఒక అక్కకి ఇదే జరగబోయింది. ఆమె కూరగాయలు అమ్ముతుంది. భర్త కాలు విరిగినప్పుడు 20,000 రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసింది. అప్పటికి ఆమెకి సంతకం రాదు.

ఎనిమిది నెలలయ్యాక ఆసామి మొత్తం ఒకేసారి అడిగాడు. అక్క బ్యాంకుకి పోయింది. "మీ సిబిల్ బాగాలేదమ్మా, అప్పు రాదు" అన్నారు.

సిబిల్ అంటే ఏమిటి? మనం తీసుకున్న అప్పులు సరిగా కడుతున్నామా లేదా అని రాసిపెట్టే కంపెనీ అది. ఇలాంటివి మన దేశంలో నాలుగు ఉన్నాయి. 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తారు. కట్టకపోతే మార్కులు తగ్గుతాయి. మన అక్క తన తోటికోడలి కోసం తన పేరున ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసి ఇచ్చింది. తోటికోడలు కట్టలేదు. మార్కులు పోయింది మాత్రం అక్కకి! మన లెక్క ఎలా ఉందో ఏడాదికి ఒకసారి ఉచితంగా చూసుకోవచ్చు. తప్పు రాసి ఉంటే దిద్దమని అడగొచ్చు.

ఆ సాయంత్రం అక్క ఏడుస్తూ వచ్చింది. ఇద్దరం పలక తీసుకుని కూర్చున్నాం. ముందు ఎంత బాకీ ఉందో లెక్క కట్టాం. 20,000కి నెలకు వడ్డీ 1,000. ఎనిమిది నెలలకి 8,000. మొత్తం 28,000. అయితే మధ్యలో అక్క 3,000 కట్టింది. నోటు వెనక చెల్లు వేయించుకోలేదు. డబ్బు కట్టిన ప్రతిసారీ తేదీ, మొత్తం నోటు వెనక రాయించాలి. ఇప్పుడు చదువు వచ్చింది కదా, రాసింది మనమే చదివి చూసుకోవాలి. అదృష్టం కొద్దీ ఆ 3,000 ఇచ్చినప్పుడు పక్కింటి పెద్దమ్మ చూసింది. పెద్దమ్మే వెళ్ళి అడిగితే ఆసామి ఒప్పుకున్నాడు. బాకీ 25,000కి వచ్చింది.

ఈలోగా రోజువారీ ఫైనాన్స్ కుర్రాడు వచ్చాడు. "సిబిల్ గిబిల్ అక్కర్లేదు. 10,000 రాసుకుంటా. 1,500 పట్టుకుని 8,500 చేతికిస్తా. రోజుకి 100 చొప్పున నూరు రోజులు కట్టు" అన్నాడు. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ రోజూ కడుతూనే ఉన్నాం. యాభై రోజులకే సగం డబ్బు అతనికి చేరిపోయింది. ఆ 8,500 మన చేతిలో నూరు రోజులూ ఉండదు. లెక్క వేస్తే నూటికి నెలకు దాదాపు 10 రూపాయల వడ్డీ పడుతుంది. అంటే ఇప్పుడున్న వడ్డీకి రెట్టింపు. నిజం చెప్పాలంటే ఈ లెక్క నాకు టీచర్ ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. నేనూ పలక మీద రెండుసార్లు తప్పు చేశాను.

ఫోనులో నిమిషంలో అప్పిస్తామనే వాళ్ళు ఇంకో రకం. వాళ్ళలో దొంగలు ఎక్కువ. మన ఫోనులోని ఫోటోలు, చుట్టాల నంబర్లు లాగేసి పరువు తీస్తామని బెదిరిస్తారు. అలా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఎవరైనా ఇలా మోసం చేస్తే 1930కి ఫోన్ చేయండి.

మరి డబ్బు ఎక్కడిది? అక్క డ్వాక్రా సంఘంలో ఉంది. సిగ్గుతో సంఘంలో చెప్పుకోలేదు. బయటివాడికి వేలిముద్ర వేయడానికి లేని సిగ్గు, తోటి ఆడవాళ్ళ దగ్గర ఎందుకో నాకు అర్థం కాలేదు. చెప్పాక ఆ రాత్రే సంఘం కూర్చుంది. పొదుపు డబ్బులోంచి 10,000 ఇస్తామని పుస్తకంలో తీర్మానం రాశారు. నూటికి రూపాయి వడ్డీ. సంఘం బాకీలు లేకుండా నడుస్తుంటే స్త్రీనిధి నుంచి కూడా అప్పు అడగొచ్చు.

మిగతా 15,000కి అక్క కమ్మలు తీసింది. అమ్మేద్దామనుకుంది. అమ్మొద్దు, బ్యాంకులో కుదువ పెట్టమన్నాను. బంగారం వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి సిబిల్ అంతగా పట్టించుకోరు. వడ్డీ కూడా నూటికి రూపాయి లోపే పడింది. ఎక్కువ ఇస్తామన్నా అక్క 15,000 మాత్రమే తీసుకుంది. రసీదు, గడువు తేదీ జాగ్రత్త. గడువు దాటితే నగ వేలానికి పోతుంది.

ఒకవేళ ఆదివారానికి డబ్బు దొరక్కపోతే? భయపడి ఖాళీ కాగితం మీద గాని, ఖాళీ చెక్కు మీద గాని సంతకం పెట్టొద్దు. కొంత కట్టి గడువు అడగాలి. నోటు మీద అప్పిచ్చినవాడు మన గిన్నెలు, మేకలు తోలుకుపోవడానికి వీల్లేదు. వసూలు కావాలంటే కోర్టుకి పోవాలి. ఇంటి మీదకి వచ్చి గొడవ చేస్తే 15100కి ఫోన్ చేస్తే ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు.

ఆదివారం పొద్దున అక్క, పెద్దమ్మ, నేను కలిసి వెళ్ళాం. అక్క 25,000 లెక్కపెట్టి ఇచ్చింది. నోటు వెనక్కి అడిగింది. "రేపు వెతికి ఇస్తాలే" అన్నాడు ఆసామి. "దొరికేదాకా ఇక్కడే కూర్చుంటాం" అంది పెద్దమ్మ. పది నిమిషాల్లో నోటు దొరికింది. అక్క దాని మీద తేదీ, అంకెలు, తన వేలిముద్ర అన్నీ చూసుకుని అక్కడే చించేసింది.

ఇదివరకు నెలకి 1,000 వడ్డీకే పోయేది. ఇప్పుడు రెండు అప్పులకీ కలిపి 250 కూడా దాటడం లేదు. మిగిలిన డబ్బుతో నెలనెలా అసలు కడుతోంది. ముందు కమ్మలు విడిపిస్తానంటోంది.