పాడిపశువు వాటా: తవుడు, చెక్క, పొట్టు

ధాన్యము మరకు పోయి బియ్యమై యింటికి వచ్చును. వేరుశనగ గానుగకు పోయి నూనెయై వచ్చును. కంది విసుర్రాతిలో పడి పప్పై వచ్చును. బియ్యము, నూనె, పప్పు మన వాటా. తవుడు, చెక్క, పొట్టు పాడిపశువు వాటా. ఈ పంపకము తరతరములుగా వచ్చుచున్నదే. అయినను ఏది యెందుకు పెట్టుచున్నామో, ఎంత పెట్టవలెనో, ఏది పెట్టరాదో తెలిసికొని పెట్టుట అవసరము. శ్రోతలకు మేము ఈ మాటలు చెప్పుట అందులకే.

వరిగడ్డితో పశువు కడుపు నిండును గాని పాలు పెరుగవు. అందు మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. వేరుశనగ చెక్కలో అవి 40 పాళ్లకు పైగా ఉండును. తవుడులో 12 మొదలు 14 పాళ్ల వరకు ఉండును. భాస్వరము మెండు, సున్నము తక్కువ. కనుక ఒక్క తవుడునే నమ్ముకొనరాదు. చెక్క 30 పాళ్లు, తవుడు 32, నూకలు లేక మొక్కజొన్న పిండి 35, ఖనిజ లవణముల మిశ్రమము 2, ఉప్పు 1 పాలు కలిపినచో మంచి దాణా యగును. శరీర పోషణకై రోజునకు కిలో మొదలు కిలోన్నర, ఆపైన గేదె యిచ్చు ప్రతి 2 కిలోల పాలకు, ఆవు యిచ్చు ప్రతి రెండున్నర కిలోల పాలకు 1 కిలో చొప్పున దాణా పెట్టవలెను.

మనకు అరుగని పీచు పశువునకు ఎట్లు అరుగుచున్నది? దాని పెద్ద పొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు చేరి ఆ పని చేయుచున్నవి. అవి క్రొత్త మేతకు అలవాటుపడుటకు కొన్ని దినములు పట్టును. అందుచేత ఏ దాణానైనను కొద్దికొద్దిగా పెంచవలెను. పెండ్లింట మిగిలిన అన్నమును ఒక్కసారిగా గంపలకొలది పెట్టినచో పొట్టలో పులుపు పెరిగి పశువు ప్రాణమునకే ముప్పు వచ్చును. ప్రేమతో పెట్టినదే ప్రాణము తీయును.

తవుడులో నూనె ఉన్నది. మర నుండి వెలువడినది మొదలు అందలి ఒక ఎంజైము ఆ నూనెను విరుగగొట్టుచుండును. కొలది దినములకే చేదు, కమరు వాసన పుట్టును. కనుక తవుడును కొద్దికొద్దిగా కొనవలెను. నూనె తీసిన తవుడు ఎక్కువ కాలము నిలువయుండును గాని అందు శక్తి తక్కువ. అరచేత నలిపినప్పుడు గరగరలాడినచో అందు ఊక కలిసినదేమోయని అనుమానింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది బూజు సంగతి. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి. విచారింపగా, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమే కారణమని తేలినది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును. బూజు చెక్క తిన్న పశువు పైకి బాగుగనే కనబడవచ్చును. కాని ఆ విషములో కొంత రూపు మారి పాలలోనికి దిగును. పాలు కాచినను అది పోదు. కిలో పాలలో అది అర మైక్రోగ్రామునకు మించరాదని మన దేశపు ఆహార నిబంధన.

ఆ పాలు త్రాగువారు మన పసిబిడ్డలే. కనుక చెక్క బస్తాలను నేలకు, గోడకు తగులకుండ బల్లలపై పేర్చవలెను. వాన జల్లు తగులనీయరాదు. బూజు పట్టిన చెక్కను ఎండబెట్టినను విషము పూర్తిగా విరుగదు. దానిని గొడ్డునకు పెట్టక పూడ్చివేయుటయే మేలు. పది రూపాయల చెక్క పోయినదని బాధ కలుగును, నిజమే. కాని గోలెములో పడినది తిరిగి మన గిన్నెలోనికే వచ్చునని మరువరాదు.