దుప్పటి మడతలో బాతుబొమ్మ

1925వ సంవత్సరంలో స్విట్జర్లాండులో ఒక తండ్రి తన పసికూతురి ప్రక్కన కూర్చుని ఆమె ఆటను గమనిస్తున్నాడు. బిడ్డ పేరు జాక్వెలిన్. ఎనిమిది నెలలు నిండడానికి ఇంకా రెండు మూడు రోజులున్నవి. కప్పిన దుప్పటిమీద సెల్యులాయిడు బాతుబొమ్మ ఒకటి ఉన్నది. బిడ్డ దానికోసం చేయి చాచినది. బొమ్మ అందినట్లే అంది, జారి, దుప్పటి మడత వెనుకకు పోయినది. అది చేతికి జానెడు దూరంలోనే ఉన్నది. జారిన త్రోవను కళ్ళు చూడనే చూచినవి. చేయి కూడా కొంత వెంబడించినది. కాని బొమ్మ కనుమరుగైన మరుక్షణమే ఆ చేయి ఆగిపోయినది. వెదకడం లేదు. తండ్రి బొమ్మను పైకి తీసి చేతి దగ్గర పెట్టినాడు. మళ్ళీ ఆత్రం! అందబోయేసరికి, ఆమె చూస్తుండగానే, దుప్పటి క్రిందికి చేర్చినాడు. చేయి వెనుకకు పోయినది. ముమ్మారు ఇట్లే జరిగినది.

ఆ తండ్రి జాఁ పియాజే (1896–1980). నత్తజాతి జీవులను గురించి పరిశోధించి డాక్టరేటు పట్టం పొందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు. ఆ ఓర్పుతోనే తన ముగ్గురు బిడ్డలనూ గమనించి, 1937లో ఒక గ్రంథం ప్రకటించినాడు. కంటికి కనబడని వస్తువు పసిబిడ్డ లోకంలో లేనే లేదని, వస్తువుకు స్థిరమైన ఉనికి ఉన్నదనే జ్ఞానం బిడ్డ చేతులతో తడిమి, వెదకి, క్రమక్రమంగా కట్టుకొనేదని ఆయన నిర్ణయం.

ఆయన చూచిన మరొక వింత ఇంకా ప్రసిద్ధమైనది. అప్పటికి జాక్వెలిన్ పదినెలలు దాటినది. దాచిన వస్తువును వెదకడం నేర్చినది. తండ్రి ఆమె చేతిలోని చిలుకబొమ్మను ఎడమవైపు పరుపు క్రింద రెండుసార్లు దాచినాడు. రెండుసార్లూ వెంటనే తీసినది. మూడవసారి, ఆమె చూస్తుండగా, నెమ్మదిగా కుడివైపుకు తెచ్చి అక్కడ దాచినాడు. బిడ్డ రెప్పవేయక చూచినది. చూచి, ఎడమవైపుకే తిరిగి అక్కడే వెదకినది!

కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని "అమ్మ ఏదీ?" అని ఆడించే తల్లి ఈ నిర్ణయాన్ని పూర్తిగా ఒప్పుకొంటుందా? కొంగు తీయబోయే క్షణానికై బిడ్డ ఎదురుచూస్తున్నదని ఆమెకు తోస్తుంది. తోచడం శాస్త్రం కాదు. కాని శాస్త్రజ్ఞులకు కూడా కొంతకాలానికి అదే సందేహం కలిగినది. చేయి చెప్పిన సాక్ష్యమొక్కటే చాలునా? చేతికంటె ముందు పనిచేయ నేర్చే కన్ను ఏమంటున్నది?

1985లో అమెరికాలో రెనే బయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ మొదలైనవారు ఐదునెలల బిడ్డల ముందు ఒక చిన్న తెరను నిలిపినారు. అది పుస్తకం అట్టవలె ముందుకు, వెనుకకు పూర్తిగా వాలుతుంది. బిడ్డలకు దానిమీద విసుగు పుట్టిన తరువాత తెరవెనుక ఒక పెట్టె ఉంచినారు. ఈసారి తెర లేచి, పెట్టెను కప్పివేసి, దానికి తగిలి ఆగవలెను. కొన్నిసార్లు అట్లే ఆగినది. మరికొన్నిసార్లు, పెట్టెను చాటుగా తప్పించినందున, అక్కడ ఏమీ లేనట్లు పూర్తిగా వాలిపోయినది. బిడ్డలు ఈ రెండవ వింతనే ఎక్కువసేపు చూచినారు. పెట్టె కనబడకపోయినా అది అక్కడ ఉన్నదన్న భావన లేకపోతే అందులో వింతేమున్నది? ఎక్కువసేపు చూచినంతమాత్రాన ఆశ్చర్యపడినట్లేనా, తెర కదలికే ఆకర్షించినదేమో అని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. చూపు మౌనసాక్షి, దానిచేత మన ఇష్టం వచ్చినట్లు మాట్లాడించవచ్చును.

అందుచేత 2003లో లండనులోని బర్క్‌బెక్ కళాశాల పరిశోధకులు నేరుగా మెదడునే అడిగినారు. ఆరునెలల బిడ్డల తలకు ఎలక్ట్రోడుల వల తొడిగి, బొమ్మ రైలు సొరంగంలో ప్రవేశించడం చూపినారు. తరువాత సొరంగాన్ని పైకెత్తినారు. లోపల ఉండవలసిన రైలు లేదు! ఆ సమయంలో కుడి కణతభాగంలో గామా తరంగాలనే శీఘ్ర విద్యుత్స్పందనలు అధికమైనవి. కళ్ళు "లేదు" అంటున్నవి, మెదడు "ఉన్నది" అని పట్టుకొని కూర్చున్నది అని పరిశోధకులు దీనికి అర్థం చెప్పినారు.

మరి, మెదడు ఎరిగిన సంగతి చేయి ఎరుగదా? జాక్వెలిన్ ఎడమవైపుకే ఎందుకు తిరిగినది? ఈ ప్రశ్నను పట్టుకొన్నవారు ఆడెల్ డయమండ్. బిడ్డలను నెలల తరబడి పరీక్షించి ఆమె కనుగొన్నది ఇది: దాచడానికి, వెదకనివ్వడానికి నడుమ వ్యవధి ఎంత ఉంటే పొరపాటు జరుగుతుందన్నది వయస్సునుబట్టి మారుతుంది. ఏడున్నర నెలల బిడ్డ రెండు సెకండ్లలోపే తడబడుతుంది. ఏడాది బిడ్డను తడబరచడానికి పది సెకండ్లకు పైగా కావలెను. నుదుటివెనుక మెదడుభాగం తొలగించిన కోతులు కూడా ఈ పరీక్షలో కొద్ది సెకండ్లకే పొరపడినవని 1989లో తేలినది. జ్ఞాపకాన్ని నిలుపుకోవడం, అలవాటుపడిన చేతిని ఆపడం, రెండూ ఆ భాగం చేసే పనులే; పసితనంలో అది ఇంకా పరిణతి పొందదు. కొందరు బిడ్డలు సరైన చోటునే చూస్తూ చేతిని మాత్రం పాతచోటికి పంపుతారట! పలకమీద తప్పు వ్రాసిన పిల్లవానికి పాఠం తెలియనే తెలియదని తీర్పుచెప్పే ఉపాధ్యాయుడు ఈ దృశ్యాన్ని ఒకసారి చూడవలసినదే.

అలవాటు దేహంలో కూడా ఉంటుంది. చోటు మార్చేముందు, కూర్చున్న బిడ్డను లేపి నిలబెడితే పొరపాటు తగ్గుతుందని 1999లో స్మిత్, థెలెన్ మొదలైనవారు చూపినారు.

దాగిన వస్తువులను ఎన్నింటిని మెదడు ఒక్కసారి గుర్తుంచుకోగలదు? దీనికి 2002లో లీసా ఫీగెన్సన్, సూసన్ కేరీ, మార్క్ హాసర్ బిస్కత్తులతో సమాధానం రాబట్టినారు. పది, పన్నెండు నెలల బిడ్డలు చూస్తుండగా లోపల కనబడని రెండు బకెట్లలో ఒక్కొక్కటిగా బిస్కత్తులు వేసి, బిడ్డను వదలినారు. ఒకదానిలో ఒకటి, రెండవదానిలో రెండు వేస్తే రెండున్నవైపుకే ప్రాకినారు. రెండు, మూడు వేస్తే మూడున్నవైపుకే. కాని రెండు, నాలుగు వేసినప్పుడు, భేదం మరింత పెద్దదైనా, లెక్క తప్పినది. మూడుకు మించగానే పద్దు చెదిరిపోయినది కాబోలు. నాలుగున్న బకెట్టు వైపు సగంమంది ప్రాకితే, తక్కినవారు రెండున్న బకెట్టు వైపే సాగిపోయినారు.