మునిగే ముందు ఒక చీటీ

సోడాబుడ్డి మూత తీయగానే బుస్సుమని బుడగలు పైకి వస్తాయి, గమనించారు కదూ! అంతవరకూ ఆ వాయువు ఎక్కడుంది? ఒత్తిడి వల్ల నీటిలో కరిగి ఉంది. మూత తీయడంతో ఒత్తిడి తగ్గింది, వాయువు బుడగలై బయటపడింది. సముద్రంలో మునిగే మనిషి ఒంట్లో కూడా ఇలాగే జరగవచ్చు!

వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగున ఈదడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. అండమాన్ దీవుల్లోనూ, మన విశాఖపట్నం తీరంలోనూ ఇలా మునిగేవారున్నారు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నీటిపైన ఒకటి ఉన్నది 20 మీటర్ల లోతున మూడవుతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. ఆ ఒత్తిడికి అది రక్తంలోనూ, కొవ్వులోనూ ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పాటు వెళ్ళిపోతుంది. గబగబా వస్తే? సోడాబుడ్డి కథే! ఆ బుడగల వల్ల కీళ్ళ నొప్పులు, తిమ్మిరి, ఒక్కొక్కప్పుడు పక్షవాతం కూడా రావచ్చు. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకలపై ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎలా పైకి రావాలో 1908లో పట్టికలు ప్రకటించాడు.

చిక్కేమిటంటే, ఈ బాధ కొన్ని గంటల తర్వాత కూడా మొదలు కావచ్చు. అప్పటికి మనిషి ఒడ్డు చేరి ఉంటాడు. భుజం నొప్పి అంటే, బరువెత్తి ఉంటాడని డాక్టరు అనుకోవచ్చు. రోగి మాట్లాడలేకపోతే? అప్పుడు అతని తరఫున మాట్లాడేది చీటీయే.

అందులో ఏమేమి ఉండాలి? పేరు, వయస్సు, ఇంటివాళ్ళ ఫోను నంబరు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉంటే ఆ సంగతి. వాడే మందులు, పడని మందులు. మునిగిన ప్రతిసారీ ఎంత లోతుకు వెళ్ళారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఎన్ని గంటలకు పైకి వచ్చారు అన్నవి చేర్చాలి. లోతూ, కాలమూ తెలిస్తేనే ఒంట్లో ఎంత నత్రజని చేరిందో డాక్టరు అంచనా కట్టగలడు.

దీనికి చికిత్స ఏమిటి? వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించి, పీడన గది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ గదిలో ఒత్తిడి పెంచితే బుడగలు చిన్నవవుతాయి. తర్వాత ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తారు. ఇలాంటి గది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. కనుక అది ఎక్కడుందో ముందే కనుక్కొని, ఆ ఫోను నంబరు చీటీలో రాయాలి. మన దేశంలో అత్యవసర సహాయానికి 112, సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554.

విమానం టిక్కెట్టు కూడా చూసుకోవాలి! ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి నేలమీదకంటె తక్కువ. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, చాలాసార్లు మునిగితే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి.

చీటీని పెన్సిలుతో రాస్తే మంచిది. సిరా తడికి చెదిరిపోతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఒకటి పడవలో, ఇంకొకటి ఒడ్డున ఉన్నవారి దగ్గర ఉంచాలి.

మీ అన్నయ్యో, పిన్నో సెలవులకు అండమాన్ బయలుదేరుతుంటే, "చీటీ రాశావా? తిరుగు విమానం ఎన్ని గంటలకు?" అని అడగండి. ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తే, ఒక సోడాబుడ్డి మూత తీసి చూపించండి!