ఇత్తడి గుండయితే ఒకసారి అనుమానించండి

పూలూ తీగలూ చెక్కిన ఇత్తడి గొట్టాన్ని చేతికిచ్చి ‘ఇది 1854 నాటి క్రిమియా యుద్ధంలో పేలిన ఫిరంగి తూటా’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అప్పటి ఫిరంగులకు ఇత్తడి తూటాలే లేవు. మందు సంచి వేరు, ఇనుప గుండు వేరు. నగిషీలున్న ఇత్తడి గొట్టాల్లో చాలామటుకు మొదటి ప్రపంచ యుద్ధం నాటివి. తిరగేసి అడుగు చూడండి. ‘75’ అన్న అంకె, ఫ్రెంచి ముద్రలు ఉన్నాయంటే అది 1897 మోడల్ ఫిరంగిది కావచ్చు. తయారైన ఏడాది కూడా తరచూ అక్కడే ఉంటుంది.

ఖాళీ గొట్టం మీద సుత్తి వేస్తే సొట్ట పడుతుంది. అందుకే లోపల ఇసుకో, తారో, సీసమో దట్టించి చెక్కేవారు.

అసలైన పాత సరుకు కావాలంటే 1870-71 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధం వైపు చూడాలి. ప్రష్యన్ల ఇనుప గుండుకు సీసం తొడుగు ఉండేది. పేలి బయటికొచ్చినదైతే, ఫిరంగి గొట్టంలోని మరలు ఆ మెత్తటి సీసాన్ని ఒరుసుకుపోయిన ఏటవాలు గాళ్లు వేలికి తగులుతాయి. ఫ్రెంచి గుండ్లకు తొడుగు లేదు, ఒంటిమీద జింకు బొడిపెలు ఉండేవి. నా మటుకు నాకు ఏ నగిషీ కన్నా ఈ గాళ్లే అందం.

1871 జనవరిలో పారిస్ మీద సుమారు 12 వేల గుండ్లు పడ్డాయి. వీధి పిల్లలు ఆ ముక్కలు ఏరి జ్ఞాపికలుగా అమ్ముకున్నారు! పోత ఇనుము పెళుసు, సన్నని చెక్కడానికి ఓ పట్టాన లొంగదు. అందుకని ముక్కను పీట మీద బిగించి, ఊరూ తేదీ ఇత్తడి రేకు మీద చెక్కించుకున్నవాళ్లు చాలామంది.

పాతదే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. తుపాకిమందు ఇనుప కడుపులో తడి తగలకుండా ఉంటే శతాబ్దం దాటినా చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, 1860ల అంతర్యుద్ధం నాటి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఒక సేకరణకర్త చనిపోయాడు. లోపల ఖాళీ చేశారని నిపుణులు తేల్చనిదే ఇంట్లోకి తేకూడదు.

సేకరణల్లో కనబడే పాత చిట్టి ఫిరంగి గుండ్లు 37 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గరే ఎందుకు ఆగాయో తెలుసా? 400 గ్రాములకు తక్కువ బరువున్న పేలుడు గుండ్లు వాడబోమని 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యూరప్ దేశాలు ఒప్పుకున్నాయి. ఆ హద్దుకు కాస్త పైన, దాదాపు 450 గ్రాములు తూగేలా హాచ్‌కిస్ కంపెనీ తన 37 మిల్లీమీటర్ల గుండు తయారుచేసింది.