సంఘ భవనముపై వైఫై పెట్టెను నిలుపు విధము



పత్తి పండించుట యొక శ్రమ, దానిని సకాలమున అమ్ముకొనుట మఱియొక శ్రమ. 2025 సంవత్సరమున భారత పత్తి సంస్థ వారు ‘కపాస్ కిసాన్’ అను యాప్‌ను ప్రవేశపెట్టిరి. మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు దానియందు పేరు నమోదు గావించుకొని, సరకు తెచ్చు దినమును ముందుగా ఎన్నుకొనవలసి వచ్చినది. ఆదిలాబాదు అడవి పల్లెలలో ఫోనునకు సంకేతమందని తావులు గలవు. అట్టి చోటి రైతునకు దినము దొరకనిచో పత్తి యింటనే నిలిచి, తుదకు దళారి చెప్పిన ధరకే పోవును. కావున సంఘ కార్యాలయపు ముంగిట తూకపు కాటా యెంత అవసరమో, వైఫైయు నేడంత యవసరమైనది.

ఆరుబయట నిలుపదగిన వైఫై పెట్టెను యాక్సెస్ పాయింటు అందురు. దానిని కొనుట సులభము. నిలుపుటయే తెలిసి చేయవలసిన పని. ఎండకు, వానకు, పిడుగునకు, కోతులకు ఓర్చి అది యేండ్ల తరబడి పనిచేయవలెనన్నచో, దాని స్తంభము, తీగ, భూసంధానము అను మూడును సరిగా నుండవలయును. ఆ విధమును క్రమముగా వివరించుచున్నాము.

అంతర్జాలము వచ్చు దారి

వైఫై పెట్టె కుళాయి వంటిది. గొట్టమున నీరు లేనిచో కుళాయి యెంత మేలైనదైనను ఫలము లేదు. మన రాష్ట్రమున టీ-ఫైబర్ వారి తీగలను మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల కందకముల వెంబడి వేసిరి. 2024 డిసెంబరు 8వ తేదీన ఆ సేవను ప్రయోగముగా ఆరంభించిన నాలుగు గ్రామములలో, పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై నేడు పెద్దపల్లి జిల్లాలోనున్న అడవి శ్రీరాంపూరు ఒకటి. మీ గ్రామ పంచాయతీ వఱకు ఫైబరు తీగ చేరినదో లేదో ముందుగా విచారించి, అటు పిమ్మటనే పెట్టెకు సొమ్ము వెచ్చింపుడు.

స్థలము నెన్నుకొనుట

పెట్టెను ఎంత యెత్తున నుంచిన అంత దూరము పోవునని పలువురు తలతురు. అది పొరపాటు. చుట్టును ప్రసరించు పెట్టె తరంగములు ముఖ్యముగా ప్రక్కలకు పోవును, సరిగా క్రిందికి తక్కువగా దిగును. మిక్కిలి యెత్తున నిలిపినచో ముంగిట నిలుచున్న రైతు తలపై నుండియే అవి సాగిపోవును. సాధారణముగా నేల నుండి నాలుగు మొదలు ఆఱు మీటర్ల యెత్తు చాలును. ఒక దిక్కునకే ప్రసరించు పెట్టెయైనచో, దాని ముఖమును తూకపు స్థలము వైపునకు కొంచెము వంచి బిగింపవలయును.

దూరము విషయమున మఱియొక సంగతి గలదు. మంచెపై కాపరి వేసిన కేక చేను చివరకు వినబడును. కాని చేను చివరనున్న బాలుడు ఇచ్చిన జవాబు మంచెకు చేరకపోవచ్చును. ఫోను ఆ బాలుని వంటిది. పెట్టె శక్తి యెంత పెంచినను ఫోను జవాబు పెట్టెకు అందనిచో పని జరుగదు. ఫోనుపై గీతలు నిండుగా కనబడుచు యాప్ తెరుచుకొనకపోవుటకు ఇదియు నొక కారణము. కావున ఆవరణము పెద్దదైనచో శక్తి పెంచుటకంటె రెండవ పెట్టెను నిలుపుట మేలు.

రేకుల కప్పులు తరంగములను త్రిప్పికొట్టును. తడిసిన ఆకులు వానిని మ్రింగివేయును. టేకు చెట్లు వేసవిలో ఆకు రాల్చును. ఆ దినములలో పరీక్షించి నిలిపిన పెట్టె బాగుగా పనిచేసినట్లు తోచి, వానలకు చెట్లు చిగిర్చిన పిమ్మట మందగించును. పత్తి అమ్మకము ఆరంభమగునాటికి చెట్లు నిండుగా నుండును గదా. కావున పెట్టెకును తూకపు స్థలమునకును నడుమ చెట్టు అడ్డు రాకుండ ముందే చూచుకొనవలయును.

స్తంభము, తీగ

స్తంభమునకు ఒకటిన్నర లేక రెండంగుళముల జస్తు పూత ఇనుప గొట్టము తగును. దానిని పిట్టగోడకు రెండు చోట్ల పట్టీలతో బిగింపవలయును; ఒక్క పట్టీతో బిగించినచో గాలికి త్రిప్పబడి పెట్టె ముఖము వేఱు దిక్కునకు మరలును. విద్యుత్ స్తంభములకు పెట్టెను కట్టుట ప్రాణాపాయము. గొట్టమెత్తునపుడు చేయి జాఱి అది యే వైపున పడినను విద్యుత్ తీగలకు తగులనంత యెడముండవలయును. వాన పడునపుడును, మబ్బు ఉఱుమునపుడును ఎవ్వరిని మిద్దె యెక్కింపరాదు.

ఈ పెట్టెకు సమాచారమును విద్యుత్తును ఒకే తీగ ద్వారా పోవును. ఆ తీగ పొడవు నూఱు మీటర్లకు మించరాదు. ఆరుబయటకై చేసిన నల్లని పైతొడుగు గల తీగనే కొనుడు. ఇంటిలోపల వాడు తీగ మన యెండలకు కొలది కాలములోనే పగులును. లోపలి పోగులు స్వచ్ఛమైన రాగివై యుండవలయును. అల్యూమినియముపై రాగి పూసిన తీగ చౌకగా దొరకును గాని, దూరము పోవుకొలది విద్యుత్తు తఱిగి పెట్టె మాటిమాటికి ఆగిపోవును.

తీగను పెట్టె అడుగు భాగము నుండియే లోనికి దూర్చి, దూర్చుటకు ముందు జానెడు క్రిందికి వ్రేలాడునట్లు వంపు తీయుడు. వాన నీరు ఆ వంపు నుండి నేలకు రాలును. వంపు లేనిచో తీగ వెంబడి పెట్టెలోనికి పోవును. కోతులు తీగను లాగును, ఎలుకలు కొఱుకును. అందుచే అందుబాటులోనుండు భాగమంతయు ఇనుప గొట్టములో నడిపింపుడు. ఎండ తీవ్రత తగ్గుటకు పెట్టెను గోడకు ఉత్తరపు వైపున నిలుపుట మంచిది. విద్యుత్తునందించు పరికరమును భవనము లోపల, పత్తి కుప్పలకు దూరముగా నుంచవలయును. పత్తి దూది నిప్పురవ్వకు ఎట్లు అంటుకొనునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పిడుగు భయము

చైత్ర వైశాఖ మాసముల అకాల వర్షములలో పిడుగులు మెండు. పిడుగు నేరుగా పడినచో ఏ పరికరమును దక్కదు. కాని సమీపమున పడినపుడు తీగలో పొంగు విద్యుత్తును నేలకు మరల్చుట సాధ్యమే. అందులకై స్తంభమును మందపు రాగి తీగతో భూసంధానము చేయవలయును. రెండు మూడు మీటర్ల కడ్డీని నేలలో దిగవేసి, చుట్టును బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో నీరు పోయుచుండుడు. ఈ కడ్డీని భవనపు విద్యుత్ భూసంధానముతో కలుపుట మఱవరాదు. రెండును వేఱువేఱుగా నున్నచో పిడుగు వేళ ఆ రెంటి నడుమ విద్యుత్తు పరికరముల గుండనే ప్రవహించును. తీగ భవనములో ప్రవేశించు చోట పొంగు నడ్డు సాధనము నమర్పుడు. పిడుగు కడ్డీ యున్న భవనమైనచో పెట్టె ఆ కడ్డీ కొనకంటె చాల క్రిందుగా నుండవలయును. భూసంధానపు ఖర్చు మిగుల్చుకొనదలచిన సంఘము ఒక్క గాలివానలో పెట్టెను, దానితోపాటు కార్యాలయపు కంప్యూటరును గూడ పోగొట్టుకొనవచ్చును.

చట్టము, నిర్వహణ

వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జు తరంగములను 2005లోను, ఆరుబయట వాడుటకు 5 గిగాహెర్ట్జు తరంగములను 2018లోను, నిర్ణీత శక్తికి లోబడి, భారత ప్రభుత్వము లైసెన్సు నుండి విముక్తము చేసినది. మొదటివి దూరము పోవును. రెండవవి వేగమెక్కువ, దూరము తక్కువ. 2020 డిసెంబరు 9వ తేదీన కేంద్ర మంత్రివర్గమామోదించిన పీఎం-వాణి విధానము ప్రకారము దుకాణములవంటి చిన్న సంస్థలును లైసెన్సు రుసుము లేకయే ప్రజలకు వైఫై నందింపవచ్చును. ఈ విషయమై ఆ విధానము క్రింద నమోదైన సేవాదారులను సంప్రదింపుడు.

పెట్టెతో వచ్చిన సంకేతపదమును మొదటి దినముననే మార్చుడు. సభ్యుల ఖాతాలున్న కార్యాలయపు కంప్యూటర్లను రైతులు వాడు వైఫైతో కలుపక వేఱు మార్గమున నుంచుడు. పని ముగిసిన పిమ్మట సంఘ కార్యదర్శి కుర్చీలో కూర్చుండి పరీక్షించిన చాలదు. ఆవరణపు చివరి మూలకు పోయి, చౌక ఫోనుతో యాప్ తెఱచి చూడవలయును. అచ్చట తెరుచుకొన్న నాడే మేస్త్రీకి తుది సొమ్ము చెల్లింపుడు. ఏటేట తొలకరికి ముందు పట్టీలు, తీగ వంపు, భూసంధానము చూచుటకు ఒక సభ్యుని నియమింపుడు.

1956లో ముల్కనూరున అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి పూనికతో నెలకొన్న సహకార సంఘము నేటికిని నిలిచియున్నది. పలువురు కలసి కొన్న వస్తువును పలువురు కలసి కాపాడుకొనుటయే సహకారము. మిద్దెపైనున్న ఆ చిన్న పెట్టె విషయమునను ఆ శ్రద్ధయే చూపినచో, దూరపు పల్లె నుండి వచ్చిన సభ్యుడు తన దినమును తానే నిర్ణయించుకొని, తన పత్తిని తగిన ధరకు అమ్ముకొనగలడు.