మీకు తెలుసా? పూరీ గేట్‌లో సాయంత్రం దీపాల వెనుక ఒక కొండ ఉంది

పశ్చిమ బెంగాల్ ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ దగ్గరి ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, టీవీలు ఒకేసారి మొదలయ్యే వేళకు సూర్యుడు ఉండడు. వాడకం ఒక్కసారిగా ఎగసే ఆ కొన్ని గంటల కోసం కొన్ని బొగ్గు కేంద్రాలను సిద్ధంగా ఉంచాల్సి వస్తుంది.

ఆ బరువు దించే ఏర్పాటు బెంగాల్లోనే ఉంది. పురూలియా జిల్లా అయోధ్య కొండల్లోని 900 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం, వాడకం తగ్గినప్పుడు మిగిలే కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడుతుంది. గిరాకీ పెరగగానే అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తుంది. తోడటానికి పట్టిన కరెంటంతా తిరిగి రాదు. అయినా నిమిషాల్లో అందుకోవడమే దాని విలువ. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రమూ ఇదే పని చేయగలదు. దాని సామర్థ్యమూ సరిగ్గా 900 మెగావాట్లే!

ఇంతకంటే చవకైన మార్గం వాడకం వేళ మార్చడం. అందుకే 2023లో కేంద్రం సవరించిన నిబంధనలు, ఎండ ఉన్న గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా, గిరాకీ వేళ ఎక్కువగా ఉండాలంటున్నాయి. ఇళ్లలో స్మార్ట్ మీటరు లేనిదే ఇది అమలు కాదు.

సాయంత్రపు గిరాకీ తగ్గించడానికి మాత్రం మీటరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ట్యాంకు నింపే మోటారును, వాషింగ్ మెషీన్‌ను మధ్యాహ్నమే వేయండి.