భారీ సంఖ్యలను డేటాబేస్‌లో ఎలా భద్రపరచాలి?

‘గంగ్నమ్ స్టైల్’ వీడియో వీక్షణలు తమ లెక్కింపు పరిమితిని దాటాయని 2014 డిసెంబరులో యూట్యూబ్ ప్రకటించింది. ఆ పరిమితి 214,74,83,647. 32 బిట్ల ఇంటిజర్‌లో ఇమిడే గరిష్ఠ సంఖ్య ఇదే.

మన దేశంలో ఈ చిక్కు ఒక్క ఫోన్ నంబరుతోనే ఎదురవుతుంది. 6 నుంచి 9 వరకు ఏదో ఒక అంకెతో మొదలయ్యే పదంకెల మొబైల్ నంబరు ఏదీ ఆ రకం కాలమ్‌లో పట్టదు. 64 బిట్ల ‘బిగ్‌ఇంట్’లో పడుతుంది. దాని గరిష్ఠ విలువలో 19 అంకెలుంటాయి.

అయితే పట్టినంత మాత్రాన అది సరైన రకం కాదు. మొబైల్, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను ఎవరూ కూడరు, తీసివేయరు. అవి గుర్తింపులు కాబట్టి అక్షరరూపంలో ఉంచడమే మేలు. ఖాతా నంబరును ఇంటిజర్‌గా దాస్తే మొదట ఉన్న సున్నాలు పోతాయి.

‘డబుల్’ రకం ఇంకా పెద్ద సంఖ్యలను స్వీకరిస్తుంది గానీ, ఉజ్జాయింపుగానే దాస్తుంది. సుమారు 9,007 లక్షల కోట్లు దాటాక పక్కపక్కనున్న పూర్ణాంకాల మధ్య తేడాను అది నిలుపుకోలేదు. 0.1 వంటి చిన్న భిన్నాన్ని కూడా కచ్చితంగా భద్రపరచదు.

అందువల్ల డబ్బు లెక్కలకు ‘డెసిమల్’ వాడాలి. డెసిమల్(18,2) అంటే మొత్తం 18 అంకెలు. వాటిలో చివరి రెండు పైసలకు.

లెక్కించడానికి బిగ్‌ఇంట్, డబ్బుకు డెసిమల్, గుర్తింపునకు అక్షరరూపం అన్నది స్థూల సూత్రం. ఈ నిర్ణయం ఆరంభంలోనే జరగాలి. కోట్ల వరుసలు చేరాక కాలమ్ రకం మార్చాలంటే సాధారణంగా పట్టిక మొత్తాన్ని తిరగరాయాల్సి ఉంటుంది; అంతసేపూ సేవలకు అంతరాయం కలగవచ్చు.